పై తరగతిలో 'విషాద సారంగధర'

కొమరోలు ప్రాంతమున ఒక ఉన్నత పాఠశాలలో పై తరగతివారికి నాటకమును గూర్చి ప్రసంగింపుమని మమ్ము కోరిరి. మేము ధర్మవరము రామకృష్ణమాచార్యుల 'విషాద సారంగధర'ను ఎన్నుకొంటిమి. అంతట ఒక పెద్దమనిషి, "ఏడుపుతో ముగిసే కథ పిల్లలకెందుకండీ?" అనెను. ఈ ఆక్షేపణ క్రొత్తది కాదు.

కొమరోలు, గిద్దలూరు సీమ 1970 వరకు కర్నూలు జిల్లాలోనిది. గిద్దలూరు మీదుగా పోవు రైలుమార్గము గుంతకల్లు చేరును. అచ్చటినుండి బళ్లారి దూరము కాదు. బళ్లారి 1953లో మైసూరు రాష్ట్రమున చేరినను, తెలుగు నాటకమునకు పుట్టినిండ్లలో నొకటి. అచ్చట న్యాయవాదియైన ఆచార్యులవారు (1853–1912) సరసవినోదినీ సభ ద్వారా నాటకములాడించి, ఆంధ్ర నాటక పితామహుడని పేరొందిరి. నాటకము శుభాంతము కావలెనని మన పూర్వుల మతము. ఆంగ్లవిద్యతో షేక్స్పియరు వచ్చెను. 1876లో వావిలాల వాసుదేవశాస్త్రిగారు 'జూలియస్ సీజరు'ను తెనిగించిరి. ఆ గాలి సోకిన కాలముననే ఆచార్యులవారు పాత కట్టును దాటిరి.

సవతితల్లి చిత్రాంగి మోపిన నిందను నమ్మి, రాజు విచారింపకయే కుమారుని కాలుసేతులు నరికింప నాజ్ఞాపించుట కథ. గౌరన 'నవనాథ చరిత్ర'లోను, చేమకూర వేంకటకవి కావ్యములోను సిద్ధుని మహిమచే ఆ అవయవములు మరల మొలచును. ఆచార్యులవారు కథను విషాదాంతము చేసిరి.

ఈ భేదము చెప్పగనే ఒక బాలుడు, "సిద్ధుడు ఎందుకు రాలేదు సార్?" అని యడిగెను. మేము వ్రాసికొని పోయిన మూడు పుటల సమాధానమును విప్పబోవునంతలో వెనుక వరుసలోని బాలిక లేచి, "సిద్ధుడు వచ్చింటే రాజు చేసిన తప్పు మరిచిపోతాం గదా సార్" అనెను. మా కాగితములు మడిచి జేబులో పెట్టుకొంటిమి. ఇంతకు మించి మేము చెప్పదగినది లేదు.

అయినను ఒక్క మాట చేర్చితిమి. కథలోని రాజు రాజమహేంద్రవరము నేలిన రాజరాజనరేంద్రుడని లోకులందురు. ఆయన 1022లో పట్టాభిషిక్తుడైన చారిత్రక పురుషుడు. ఆయన కుమారుడు రాజేంద్రుడు 1070లో చోళ సింహాసనమెక్కి కులోత్తుంగుడైనాడు. సారంగధరుని కథకు మాత్రము చారిత్రకాధారము కానరాదు. నాటకమును చరిత్రయని నమ్మి ఆ రాజును నిందింతుమేని, విచారణ లేక శిక్ష విధించిన దోషము మనకును అంటును.

విషాద నాటకము పిల్లలను ఏడిపించుటకు గాదు. ఒకరిని గూర్చి చెప్పుడుమాట వినిన క్షణమున, తీర్పు చెప్పకముందు, రెండవవాని మాట కూడ వినుమని హెచ్చరించుటకు. పదునాఱేండ్ల వయసున ఈ హెచ్చరిక అకాలము కాదు. అధ్యాపకులు కథాంతమును మెత్తబఱుపక, చదివిన పిమ్మట కొంతసేపు మౌనముగా నుండి, పిల్లలనే మాటలాడనిత్తురు గాక.