పేరు లేని సీసాలు

1976 మే 24 మధ్యాహ్నం పారిస్‌లోని ఇంటర్‌కాంటినెంటల్ హోటల్లో తొమ్మిది మంది ఫ్రెంచి ప్రముఖులు ఒక పొడవాటి బల్ల వెనుక కూర్చున్నారు. వారి ముందుకు మొదట పది తెల్ల వైన్లు, ఆ తరువాత పది ఎర్ర వైన్లు వచ్చాయి. రుచి చూసి ఒక్కొక్కదానికి ఇరవైకి ఎన్ని మార్కులో కాగితం మీద వేయడమే వారి పని. తెల్లవన్నీ షార్డొనే ద్రాక్ష నుంచి చేసినవి. ఎర్రవాటిలో కాలిఫోర్నియావి కాబెర్నే సావిన్యాన్ వైన్లు. వాటికి పోటీగా నిలిచినవి అదే ద్రాక్షకు పుట్టిల్లయిన బోర్డోవి. రెండు విడతల్లోనూ ఆరేసి కాలిఫోర్నియావి, నాలుగేసి ఫ్రాన్సువి. ఏది ఏ దేశానిదో చెప్పలేదు. సీసా ఆకారాన్ని బట్టి పసిగట్టే వీలు కూడా లేకుండా వైన్లను గుర్తులేని సీసాల్లోకి మార్చి పోశారు.

దీన్ని ఏర్పాటు చేసినవాడు స్టీవెన్ స్పరియర్ అనే ఆంగ్లేయుడు. పారిస్‌లో వైన్ దుకాణం, దానికి తోడు వైన్ పాఠశాల నడిపేవాడు. అమెరికా స్వాతంత్ర్యానికి 200 ఏళ్లు నిండుతున్న సందర్భంగా ఆ దేశపు వైన్లను ఫ్రెంచివారికి రుచి చూపించాలన్న ఆలోచన అతని సహచరి, అమెరికన్ అయిన పట్రీషియా గల్లగర్‌ది. ఫ్రాన్సు ఓడిపోతుందని స్పరియర్ అనుకోలేదు. కొత్తవాళ్లు పరువుగా నిలబడితే చాలనుకున్నాడు. పత్రికలవాళ్లకు ఆ ఆసక్తి కూడా లేదు. ఫలితం ముందే తెలిసిన పోటీకి పోవడం దేనికని ఎవరూ రాలేదు. వచ్చినవాడు ఒక్కడే, టైమ్ పత్రిక విలేఖరి జార్జ్ టేబర్.

పత్రికలవారి ధీమాకు బలమైన కారణమే ఉంది. ఫ్రెంచి వైన్ లోకంలో హోదా అనేది పుట్టుకతో వచ్చేది. 1855లో మూడవ నెపోలియన్ నిర్వహించిన ప్రదర్శన కోసం బోర్డో దళారులు అక్కడి తోటలను అయిదు శ్రేణులుగా విభజించారు. వారు వాడిన కొలమానం ప్రధానంగా మార్కెట్ ధర. ఆ జాబితా అప్పటినుంచి దాదాపు శాసనంలా నిలిచిపోయింది. చెప్పుకోదగ్గ ఒకే ఒక్క సవరణ 1973లో జరిగింది. షాటో మూతాన్ రోత్‌షీల్డ్‌ను రెండవ శ్రేణి నుంచి మొదటి శ్రేణికి ఎక్కించారు. ఆ ఉత్తర్వుపై సంతకం చేసిన వ్యవసాయ మంత్రి తరువాతి కాలపు అధ్యక్షుడు జాక్ షిరాక్. పారిస్ పోటీలో పెట్టిన మూతాన్ 1970 పంటది. అంటే మొదటి శ్రేణి ప్రతినిధిగా బల్ల మీదికి వచ్చిన ఆ వైన్, ద్రాక్ష కోసిన నాటికి రెండవ శ్రేణిదే. మట్టీ మనిషీ మారకుండా సంతకం ఒక్కటే మారింది.

ఎదురుపక్షానికి అలాంటి గోత్రనామాలు లేవు. 1920 నుంచి 1933 వరకు అమలైన మద్యనిషేధం కాలిఫోర్నియా వైన్ పరిశ్రమను నేలకూల్చింది. తిరిగి లేచేసరికి ఒక తరం గడిచింది. కొత్తగా వచ్చినవాళ్లలో మైక్ గర్గిచ్ క్రొయేషియా పల్లెలో పుట్టి, కమ్యూనిస్టు యుగోస్లావియాను వదిలి, 1958లో నాపా లోయ చేరినవాడు. వారెన్ వినియార్‌స్కీ షికాగో విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడు, రాజనీతి తత్త్వ విద్యార్థి, మాకియవెల్లిని అధ్యయనం చేసినవాడు. 1964లో ఆ కొలువు వదిలి కుటుంబంతో నాపాకు తరలిపోయాడు. పోలిష్ భాషలో అతని ఇంటిపేరుకు వైన్ చేసేవాడి కొడుకని అర్థమట. అతని స్టాగ్స్ లీప్ తోటలో తీగలు నాటింది 1970లో. పోటీకి వచ్చిన 1973 వైన్ మూడేళ్ల తీగల పంట. సీసా వెల ఆరు డాలర్ల ప్రాంతం.

తెల్ల వైన్ల దగ్గరే కథ మలుపు తిరిగింది. ఏ గ్లాసులో ఏముందో తెలిపే జాబితా టేబర్ చేతిలో ఉంది. న్యాయనిర్ణేతల దగ్గర లేదు. పారిస్‌లో పేరు మోసిన పాకశాస్త్ర నిపుణుడు రేమండ్ ఒలివర్ ఒక వైన్ రుచి చూసి, హమ్మయ్య, మళ్ళీ ఫ్రాన్సుకు వచ్చాం అన్న ధోరణిలో మెచ్చుకున్నాడు. అది నాపా వైన్. మరొకరు ఒక గ్లాసును వాసన చూసి, పరిమళమే లేదు, ఇది కాలిఫోర్నియాదే అని తేల్చారు. అది బర్గండీలో పేరెన్నికగన్న బాటార్ మోంత్రాషే. వీళ్లు పామరులు కారు. జీవితమంతా ఆ వైన్ల మధ్యే గడిపినవాళ్లు. వారి నాలుక అబద్ధం చెప్పలేదు, ఊహ చెప్పింది. కాగితాలు కూడితే గర్గిచ్ తయారుచేసిన షాటో మాంటెలీనా 1973 మొదటి స్థానంలో నిలిచింది. మొదటి నాలుగింటిలో మూడు కాలిఫోర్నియావి.

అక్కడ స్పరియర్ ఒక పొరపాటు చేశాడు. ఎర్ర వైన్లు మొదలుకాకముందే తెల్లవాటి ఫలితం ప్రకటించేశాడు. అప్పటిదాకా తీరుబడిగా మాట్లాడుకున్న న్యాయనిర్ణేతలు బిగుసుకుపోయారు. ఇకమీదట అమెరికా వైన్‌ను గుర్తుపట్టి తీరాలన్న పట్టుదల కనిపించింది. కొన్ని వైన్లకు మరీ తక్కువ మార్కులు పడ్డాయి. నిష్పాక్షికతకు గంతలు కట్టినంత మాత్రాన చాలదు; గంతల వెనుక కళ్లు ఏం వెతుకుతున్నాయన్నది వేరే సంగతి. ఇంత జరిగినా మొదటి స్థానం స్టాగ్స్ లీప్‌కే దక్కింది. రెండవది మూతాన్. తొమ్మిది మంది కలిసి ఇవ్వగల 180 మార్కులలో వాటి మధ్య తేడా ఒకటిన్నర. ఫలితం విన్న ఫ్రెంచి వైన్ పత్రిక సంపాదకురాలు ఓడెట్ కాన్ తన మార్కుల కాగితం తిరిగి ఇచ్చేయమని అడిగారు. స్పరియర్ ఇవ్వలేదు.

ఒకటిన్నర మార్కు తేడాతో దేశాల హెచ్చుతగ్గులు తేల్చవచ్చా అన్న ప్రశ్న న్యాయమైనదే. గణాంక శాస్త్రవేత్తలు తరువాత ఆ కాగితాలను తిరగేసి, న్యాయనిర్ణేతల మధ్యే ఏకాభిప్రాయం అంతంతమాత్రమని చూపారు. బోర్డో వైన్ ఏళ్ల తరబడి మాగితేగాని పక్వానికి రాదని, ఆరేళ్ల వయసులో దాన్ని పరీక్షించడం అన్యాయమని ఫ్రెంచివారు వాదించారు. వాదన బాగానే ఉంది గాని అది ఫలితం వచ్చాక పుట్టిన వాదన. అదే మూతాన్ గెలిచి ఉంటే వయసు మాట ఎవరూ ఎత్తేవారు కారు. ఫ్రెంచి పత్రికలు మొదట మౌనం వహించి, కొన్ని నెలల తరువాత తేలిగ్గా కొట్టిపారేశాయి. టేబర్ రాసింది మాత్రం జూన్ 7 టైమ్ సంచికలో లోపలి పేజీల్లో వచ్చిన ఓ చిన్న వార్త. ఆ ఒక్క విలేఖరీ రాకపోయి ఉంటే పారిస్ తీర్పు అనే మాటే ఉండేది కాదు. ఒక దుకాణదారు సరదాగా మిగిలిపోయేది.

ఆ చిన్న వార్త వల్ల కదిలింది నాపా ఒక్కటే కాదు. మంచి వైన్ ఫ్రాన్సు మట్టిలోనే పుట్టాలన్న నమ్మకం సడలడంతో ఇతర దేశాల రైతులకూ ధైర్యం వచ్చింది. సిలికాన్ వ్యాలీ ఉద్యోగం వదిలి నాసిక్ చేరిన రాజీవ్ సామంత్, కెర్రీ డామ్‌స్కీ అనే కాలిఫోర్నియా నిపుణుడి తోడ్పాటుతో సులా వైన్‌ను 2000లో మార్కెట్టులోకి తెచ్చారు. ఆ మరుసటి ఏడే మహారాష్ట్ర ప్రభుత్వం ద్రాక్ష ప్రాసెసింగ్ విధానం ప్రకటించింది. మద్యనిషేధాన్ని ఆదేశిక సూత్రంగా చెప్పే 47వ అధికరణం ఒకవైపు, ద్రాక్ష రైతు ప్రయోజనం మరొకవైపు ఉన్న దేశంలో ఇది చిన్న విషయం కాదు. ఇక విదేశీ వైన్ విషయంలో భారత ప్రభుత్వమూ 1855 నాటి దళారుల కొలమానాన్నే పట్టుకుంది. 2022 డిసెంబరులో అమల్లోకి వచ్చిన ఆస్ట్రేలియా వాణిజ్య ఒప్పందం ప్రకారం 5 డాలర్లకు మించిన సీసాపై సుంకం 150 నుంచి 100 శాతానికి, 15 డాలర్లకు మించితే 75 శాతానికి తగ్గింది. అంతకన్నా చౌక సీసాకు రాయితీ లేదు. వినియార్‌స్కీ నాటి ఆరు డాలర్ల ధరకే ఆస్ట్రేలియా సీసా ఒకటి మన రేవుకు వచ్చి ఉంటే, దానికి కింది మెట్టు రాయితీయే దక్కేది.

బోర్డో వైన్ కాలం గడిస్తే గెలుస్తుందన్న వాదనకు పరీక్ష 2006లో జరిగింది. ముప్పై ఏళ్లు మాగిన అవే ఎర్ర వైన్లను నాపాలోను, లండన్‌లోను ఒకే రోజు మళ్ళీ రుచి చూశారు. స్పరియర్ ఈసారీ నిర్వాహకుడే. 1976లో అయిదవ స్థానంలో ఉన్న కాలిఫోర్నియా వైన్ రిడ్జ్ మాంటె బెల్లో 1971 మొదటికి ఎగబాకింది. స్టాగ్స్ లీప్ రెండవది. మొదటి అయిదూ కాలిఫోర్నియావే. మూతాన్ ఆరవ స్థానంలో ఉంది.