టీకాల ఊళ్లకు గోదారి నీళ్లు

2012 ఏప్రిల్‌లో హైతీ రాజధాని పోర్టో ప్రిన్స్ మురికివాడల్లోనూ, ఆర్టిబొనిట్ నది పరివాహక పల్లెల్లోనూ జనం బారులు తీరారు. ఒక్కొక్కరికీ చిన్న గాజుసీసా విప్పి, అందులోని మందు నోట్లో పోశారు. ఒకటిన్నర మిల్లీలీటరు. సూది లేదు. రెండు వారాలు ఆగి ఇంకో మోతాదు. దాదాపు లక్షమంది కోసం తలపెట్టిన ఆ కార్యక్రమంలో వాడిన కలరా టీకా పేరు షాంకాల్. తయారైంది హైదరాబాద్ పక్కనున్న మన మేడ్చల్‌లో.

హైతీకి ఆ అవసరం ఎలా వచ్చిందో చెప్పుకోవాలి. 2010 అక్టోబరుకు ముందు వందేళ్లలో అక్కడ కలరా ఆనవాళ్లు లేవు. ఆ ఏడాది భూకంపం వచ్చింది. ఐక్యరాజ్యసమితి శాంతిదళం శిబిరం ఒకదాని నుంచి మలం కలిసిన మురుగు ఆర్టిబొనిట్ ఉపనదిలోకి చేరింది. కింది ఊళ్లవాళ్లు ఆ నీళ్లే తాగారు, ఆ నీళ్లతోనే వండుకున్నారు. సుమారు పదివేలమంది చనిపోయారు. 2016 డిసెంబరులో అప్పటి ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ హైతీ ప్రజలకు క్షమాపణ చెప్పారు.

షాంకాల్ కథ వియత్నాంలో మొదలైంది. అక్కడి శాస్త్రవేత్తలు తమ పేదలకోసం చవకగా చేసుకున్న నోటి టీకాను సియోల్‌లోని అంతర్జాతీయ టీకా సంస్థ మెరుగుపరిచి, మేడ్చల్‌లోని శాంతా బయోటెక్నిక్స్‌కు అందించింది. వరప్రసాద్ రెడ్డి 1993లో స్థాపించి తల్లి పేరు పెట్టుకున్న సంస్థ అది. 1997లో హెపటైటిస్-బి టీకాను సామాన్యుడికి అందే ధరకు తెచ్చింది కూడా ఇదే. ‘హాసం’ పత్రిక నడిపిన వరప్రసాద్ రెడ్డిగా ఆయన్ని గుర్తుపెట్టుకున్న పాఠకులూ ఉంటారు. కోల్‌కతా బస్తీల్లో 2006లో మొదలైన పెద్ద పరీక్షలో ఈ కలరా టీకా అయిదేళ్లపాటు 65 శాతం రక్షణ ఇచ్చింది. 2009లో మన దేశంలో అనుమతి, 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు. 2013లో ఆ సంస్థ కలరా టీకాల అత్యవసర నిల్వ మొదలుపెట్టినప్పుడు తొలి 20 లక్షల మోతాదులు ఈ మేడ్చల్ టీకావే.

అనుమతి వచ్చిన ఆ 2009లోనే, మే నెలలో, మేడ్చల్‌కు గంట ప్రయాణ దూరంలో ఉన్న హైదరాబాద్ బస్తీ భోలక్‌పూర్‌లో జనం నల్లా నీళ్లు తాగి కుప్పకూలారు. వాంతులు, విరేచనాలతో వందలమంది ఆస్పత్రుల పాలయ్యారు, పలువురు ప్రాణాలు కోల్పోయారు. పరీక్షల్లో కలరా క్రిమి బయటపడింది. తాగునీటి గొట్టంలోకి మురుగు చొరబడింది. లోకానికి కలరా టీకా తయారుచేసే మహానగరం తన సొంత బస్తీకి మంచినీళ్లు ఇవ్వలేకపోయిందన్న సంగతి ఇన్నేళ్లయినా మింగుడుపడదు.

మురుగు గొట్టంలోకి ఎలా వెళుతుంది? నీళ్లు నిండుగా పారుతున్నంతసేపూ గొట్టం లోపలి ఒత్తిడి బయటి మురుగును దగ్గరికి రానివ్వదు. చిల్లు ఉంటే నీళ్లే బయటికి చిమ్ముతాయి. మన నల్లా మాత్రం రోజు విడిచి రోజు, గంటో రెండు గంటలో వస్తుంది. నీళ్లు ఆగిపోగానే గొట్టంలో ఒత్తిడి పడిపోతుంది. చుట్టూ నిలిచిన మురుగు అదే చిల్లులోంచి లోపలికి ఊరుతుంది. ఆపై మోటార్లు బిగించి గుంజితే చెప్పేదేముంది! మళ్లీ నీళ్లు వదిలినప్పుడు మొదటి బిందెలో వచ్చేది ఆ ఊట. శుద్ధి కేంద్రంలో ఎంత తేటగా ఉన్నా, దారిలో పాడయ్యే నీళ్లకు చివరి కాపలా క్లోరిన్ ఒక్కటే. నల్లా దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలని భారత ప్రమాణాలు చెబుతున్నాయి. చూడటం కష్టమేమీ కాదు. చిన్న గాజుగొట్టంలో నీళ్లు పట్టి, మందు నాలుగు చుక్కలు వేసి, కలిపి వెలుతురుకు పట్టి చూస్తే క్లోరిన్ ఉన్నచోట లేత పసుపు తిరుగుతుంది. పక్కనున్న రంగుల చీటీతో పోల్చుకుంటే ఎంత ఉందో తెలిసిపోతుంది. రంగు మారలేదంటే ఆ నీళ్లను కాచి తాగాల్సిందే.

ఇక్కడ రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చూడాలనిపిస్తుంది. అమెరికాలోని జెర్సీ సిటీ ఊరంతటికీ ఇచ్చే నీళ్లలో నిత్యం క్లోరిన్ కలపడం మొదలైంది 1908 సెప్టెంబర్ 26న. రెండు రోజులు తిరక్కుండానే, 28న, మూసీ ఉప్పొంగి హైదరాబాద్‌ను ముంచేసింది. ఆ వరద తర్వాతే ఇంజినీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చారు, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. హుస్సేన్‌సాగర్ నీళ్లు తాగిన నగరం గండిపేట (ఉస్మాన్‌సాగర్) నీళ్లకు మళ్లింది. తర్వాత మంజీరా, ఆపైన కృష్ణా. ఇవన్నీ పడమటి నుంచో దక్షిణం నుంచో వచ్చినవే. ఉత్తరాన మెరకమీదున్న మేడ్చల్, శామీర్‌పేట ఊళ్లకు మాత్రం చెరువు, బావి, ఆ తర్వాత బోరే దిక్కు.

బోరు నీళ్లు తేటగా కనిపిస్తాయి కనుక మంచివే అనుకోవడం మనకు అలవాటు. ఇది గ్రానైటు నేల. నీళ్లు ఎక్కువగా బండల పగుళ్లలోనే నిలుస్తాయి. ఆ నీళ్లతో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, గిన్నె అడుగున తెల్లటి పొర పేరుకుంటుంది. కంటికి కనిపించే ఇబ్బంది అంతవరకే. ఇంటింటికీ తవ్విన సెప్టిక్ గుంతల నుంచి దిగే నైట్రేట్‌కు రంగూ రుచీ ఉండవు. అది లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటితే సీసాపాలు తాగే పసికందుల రక్తం ఆక్సిజన్‌ను మోయలేకపోయే ప్రమాదం ఉంది. కాచినా నైట్రేట్ పోదు, నీళ్లు ఇగిరినకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఫ్లోరైడ్ సంగతీ అంతే. నల్లగొండ బిడ్డల కాళ్లు చూసినవాళ్లకు దాని గురించి వేరే చెప్పనక్కర్లేదు.

జవహర్‌నగర్ ఒకప్పుడు శామీర్‌పేట మండలంలోని ఊరే. మహానగరం చెత్తంతా దశాబ్దాలుగా అక్కడే కుప్పపడుతోంది. వాన పడ్డప్పుడల్లా ఆ గుట్టలోంచి దిగే నల్లటి రసం మల్కారం చెరువును పాడుచేసింది, చుట్టుపక్కల బోర్లలోకి దిగింది. పాత చెత్తగుట్టను మట్టితో, ప్లాస్టిక్ పొరలతో కప్పారు, రసాన్ని శుద్ధి చేసే యంత్రాలు పెట్టారు. నేలలోకి ఇప్పటికే దిగినదాన్ని వెనక్కి తోడటం అంత తేలిక కాదు. నగరం పారేసిన చెత్తకు తమ బావులను పోగొట్టుకున్న ఆ ఊళ్లకు మొట్టమొదట మంచినీళ్లు ఇవ్వాల్సిన బాధ్యత ఆ నగరానిదే.

2015లో సింగూరు, మంజీరా ఎండిపోయి జంటనగరాలు అల్లాడుతున్నప్పుడు గోదావరి వచ్చింది. ఎల్లంపల్లి దగ్గర తోడి, మల్లారంలో శుద్ధి చేసి, రాజీవ్ రహదారి వెంబడి ఉక్కు గొట్టాల్లో, మజిలీ మజిలీకీ పైకి ఎత్తుకుంటూ శామీర్‌పేట దగ్గరి ఘన్‌పూర్ గుట్టకు చేర్చారు. దారి పొడవు సుమారు 186 కిలోమీటర్లు. రోజుకు 17 కోట్ల గ్యాలన్లకు పైగా తెచ్చే పథకం ఇది. మరుసటి ఏడాది ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే రాష్ట్ర పథకం మిషన్ భగీరథ ప్రారంభమైంది. ఔటర్ రింగు రోడ్డు లోపలి ఊళ్ల నీళ్లు హైదరాబాద్ జలమండలి చూస్తే, బయటి పల్లెలకు భగీరథ నీళ్లు. నగరానికి వెళ్లే ప్రతి గోదావరి చుక్కా ఇప్పుడు ఈ మెరక మీంచే దిగుతోంది. దశాబ్దాల బోరు బతుకు తర్వాత ఇది చాలా పెద్ద మార్పు, కాదనేవాళ్లు ఎవరూ లేరు. అయినా వీధివీధికీ ఆర్వో ప్లాంటు, ఇంటింటికీ ఇరవై లీటర్ల క్యాన్ అలాగే ఉన్నాయి. నల్లా నీళ్లు వాడకానికి, క్యాన్ నీళ్లు తాగటానికి అన్న లెక్క జనం మానలేదు. నల్లా నీళ్లలో ఏముందో వాళ్లకు ఎవరూ చెప్పకపోవడమే దానికి కారణం.

అదే రాజీవ్ రహదారి పక్కన, తుర్కపల్లి దగ్గర, 1999లో మొదలైన జీనోమ్ వ్యాలీ ఉంది. పిల్లల్ని విరేచనాలతో చంపే రోటా వైరస్‌కు 2015లో రోటావాక్ తెచ్చిన భారత్ బయోటెక్ అక్కడిదే. టైఫాయిడ్‌కు వాళ్లు చేసిన టైప్‌బార్ టీసీవీని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 డిసెంబరులో గుర్తించింది. పాకిస్తాన్ సింధ్ రాష్ట్రంలోనూ ఒక హైదరాబాద్ ఉంది. 2016 చివర్లో అక్కడ దాదాపు ఏ మందుకూ లొంగని టైఫాయిడ్ పుట్టింది. మురుగు కలిసిన నీళ్లవైపే అనుమానాలన్నీ వెళ్లాయి. 2018లో అక్కడి పిల్లలకు వేసింది ఈ శామీర్‌పేట టీకానే. ఈ హైదరాబాద్ మందు ఆ హైదరాబాద్ పిల్లల్ని కాచింది. ఆ మాట తలచుకుంటే గర్వంగా ఉంటుంది.

కానీ టీకా ఎంతవరకు ఆదుకుంటుందో 2022లో లోకం చూసింది. కలరా ఒకేసారి ఎన్నో దేశాల్లో విజృంభించింది. నిల్వలు చాలక, ఆ అక్టోబరులో రెండు మోతాదులకు బదులు ఒక్కటే వేయాలని నిర్ణయించారు. అప్పటికే శాంతాను కొనుక్కున్న మందుల కంపెనీ సనోఫీ, షాంకాల్ తయారీని ఆపేయడానికి సిద్ధమైంది. ఆ లోటు పూడ్చటానికి 2024 ఆగస్టులో భారత్ బయోటెక్ హిల్‌కాల్ తెచ్చింది. మేడ్చల్ వదిలిన పని శామీర్‌పేట అందుకుంది. ఎన్ని సీసాలు నింపినా అరవై అయిదు శాతం రక్షణే, అదీ కొన్నేళ్లే. మిగతాది గొట్టం, క్లోరిన్ చూసుకోవాలి.

నగరం నల్లా నీళ్లను నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ పరీక్షిస్తుంది. ఆ ఫలితాలు వార్డు ఆఫీసు గోడమీద, పంచాయతీ నోటీసు బోర్డుమీద వారం వారం తెలుగులో కనిపించాలి. ఏ వీధి నల్లాలో క్లోరిన్ ఎంత, వంద మిల్లీలీటర్లలో ఇ.కోలి ఉందా లేదా, నైట్రేట్ ఎంత అన్న మూడు ముక్కలు చాలు. నమూనా ట్యాంకు దగ్గర కాకుండా లైను చివరి ఇంట్లో తీయాలి. మొదటి వానలకు పాత గొట్టాల్లోకి మురుగు దిగే జూన్, జూలైల్లో వారానికి రెండుసార్లు తీయాలి.