నల్లని జుట్టు, తెల్లని మోజు: రెండువేల ఏళ్ళ కథ

నారాయణఖేడ్‌లో నేను వైద్యం చేసిన చివరి సంవత్సరాలలో ఒకరోజు ఒక తల్లి తన పంతొమ్మిదేళ్ళ కొడుకును వెంటబెట్టుకొని వచ్చింది. అన్న పెళ్ళినాటికి జుట్టు వెండిలా మెరవాలని ఆ అబ్బాయి ఇంట్లోనే రంగు తీసే పొడిని, ద్రావణాన్ని కలిపి తలకు పట్టించుకున్నాడు. గంట గడిచినా జుట్టు నారింజరంగు దగ్గరే ఆగిపోయింది. కడగకుండా దానిమీదే మరొక పూత వేసి, ప్లాస్టిక్ కవరు చుట్టుకొని ఎండలో కూర్చున్నాడు. నా దగ్గరికి వచ్చేసరికి నడినెత్తిన చర్మం కాలి, బొబ్బలెక్కి, రసి కారుతోంది. ఆ తల్లి అన్న మాట నాకింకా గుర్తుంది: "డాక్టర్ సాబ్, తెల్లబడ్డదాన్ని నల్లగ చేసుకునుడు చూసిన గాని, నల్లగున్నదాన్ని తెల్లగ చేసుకునుడు ఇప్పుడే చూస్తున్న."

ఆమె మాటలో ఒక చరిత్ర ఉంది. తల నెరిసినవాణ్ణి మన భాష "తలపండినవాడు" అని గౌరవించింది. అయినా మనవాళ్ళు ఆ పంటను దాచుకోవడానికే ఎక్కువ కష్టపడ్డారు. క్రీస్తుశకం 6వ శతాబ్దానికి చెందిన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో సుగంధద్రవ్యాల అధ్యాయాన్ని జుట్టు నలుపు చేసే పద్ధతితోనే ఆరంభించాడు. ఆరికలను పుల్లని ద్రవంలో ఉడికించి, ఇనుప పొడితో కలిపి నూరి, తలకు పట్టించి, పచ్చి ఆకులతో కప్పి ఉంచాలన్నాడు. గోరింటాకు, నీలి ఆకు కూడా ఇదే పనికి వాడుకలోకి వచ్చాయి. ఇవన్నీ వెంట్రుకకు రంగును చేర్చేవే. ఉన్న రంగును లోపలినుంచి లాగివేయడం పూర్తిగా వేరైన పని.

ఆ పనిని పాశ్చాత్యులు ప్రాచీనకాలంలోనే మొదలుపెట్టారు. కొవ్వు, బూడిద కలిపి చేసిన ఒక రకం సబ్బుతో గాల్ దేశీయులు జుట్టును ఎర్రబరుచుకునేవారని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. బూడిదలోని క్షారం వెంట్రుకపై పొలుసులను ఉబ్బించి తెరుస్తుంది. నేటి రంగు డబ్బాలలో అమ్మోనియా చేసే పని కూడా అదే. దాని దుష్ఫలితం కూడా అప్పుడే తెలిసింది. రోమన్ కవి ఓవిడ్ తన 'అమోరెస్'లో, రంగులు వేసి వేసి జుట్టంతా పోగొట్టుకున్న ప్రియురాలిని మందలిస్తూ ఒక కవిత రాశాడు. ఇక జర్మనీ బందీల జుట్టును అరువు పెట్టుకోవలసిందేనని అందులో ఆమెను ఎత్తిపొడిచాడు. రంగుల వ్యామోహం గురించిన ఈ హెచ్చరికకు రెండువేల ఏళ్ళు నిండాయి.

16వ శతాబ్దపు వెనిస్ నగరంలో స్త్రీలు మేడలపై కట్టిన చెక్క అరుగులమీద ఎండలో కూర్చొని జుట్టును బంగారురంగుకు తెచ్చుకునేవారు. 1590లో చేజారే వెచెల్లియో ప్రచురించిన వేషధారణల గ్రంథంలో ఆ దృశ్యం ఉంది. నడినెత్తి భాగం లేని వెడల్పాటి టోపీ పెట్టుకొని, జుట్టును రంధ్రంలోంచి పైకి తీసి అంచుమీద పరచి, కర్రకు కట్టిన స్పంజితో మందునీళ్ళు తడుపుతారు. ముఖం మాత్రం టోపీ అంచు నీడలో ఉంటుంది.

అసలు మలుపు 1818లో వచ్చింది. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లూయి జాక్ థెనార్ హైడ్రోజన్ పెరాక్సైడును కనుగొన్నాడు. 1867 పారిస్ ప్రపంచ ప్రదర్శనలో లండన్‌కు చెందిన థియెలే అనే పరిమళద్రవ్యాల వ్యాపారి, పారిస్‌కు చెందిన ఒక కేశాలంకారకుడు కలిసి 3 శాతం పెరాక్సైడుతో జుట్టు రంగు తీసి చూపించారు. ఎండలో రోజుల తరబడి కూర్చునే అవసరం తీరిపోయింది.

దానికి పిచ్చి మోజు తెచ్చినది సినిమా. 1931లో విడుదలైన 'ప్లాటినం బ్లాండ్' చిత్రంతో నటి జీన్ హార్లో జుట్టు అమెరికాను ఊపివేసింది. 1937 జూన్ 7న ఆమె 26 ఏళ్ళకే మరణించినప్పుడు, తలకు పూసుకున్న మందే ప్రాణం తీసిందనే పుకారు పుట్టి నేటికీ తిరుగుతోంది. వైద్యుడిగా దాన్ని సరిదిద్దాలి. ఆమె మూత్రపిండాలు విఫలమై మరణించింది. చిన్నవయసులో ఆమెకు స్కార్లెట్ జ్వరం వచ్చింది. మూత్రపిండాలు దెబ్బతినడానికి అదే మూలమని చాలామంది భావిస్తారు. లేని ప్రమాదాన్ని ప్రచారం చేస్తే ఉన్న ప్రమాదాన్ని కూడా ఎవరూ నమ్మరు. 1950లో క్లెయిరాల్ సంస్థ, రంగు తీయడం, వేయడం ఒకే పూతలో జరిగే సరుకును అమెరికా విపణిలోకి తెచ్చింది. సెలూన్‌లో జరిగే పని ఇంటి స్నానాలగదిలోకి వచ్చింది.

ఈ కథలో తెలుగువారి జుట్టుకు పెద్ద పాత్రే ఉంది. తిరుమల కల్యాణకట్టలో భక్తులు సమర్పించే తలనీలాలను దేవస్థానం పొడవును బట్టి తరగతులుగా వేరుచేసి, తెల్లజుట్టును ప్రత్యేకంగా ఉంచి, ఎలక్ట్రానిక్ వేలంలో విక్రయిస్తుంది. నారాయణఖేడ్ నుంచి వెళ్ళి మొక్కు తీర్చుకున్నవారి జుట్టూ అందులో కలుస్తుంది. ఇలా మన దేశంనుంచి వెళ్ళిన నల్లని జుట్టులో కొంత విదేశీ కర్మాగారాలలో రంగు కోల్పోయి, బంగారురంగు సవరాలుగా, విగ్గులుగా మారుతుంది. మంచి సరుకు చేసేవారు దీనికి తొందరపడరు. గాఢత తక్కువైన ద్రావణాలలో రోజుల తరబడి నానబెట్టి మెల్లగా రంగు లాగుతారు. అన్నిటికంటే ముఖ్యం, ఆ జుట్టు కింద చర్మం లేదు. నల్లజుట్టు ప్లాటినం రంగుకు రావడం అసాధ్యం కాదు. కర్మాగారం కత్తిరించిన జుట్టుమీద ఓపికగా చేసే పనిని, మనం బతికున్న చర్మంమీద గంటలో చేయబోతున్నాం. ప్రమాదమంతా అక్కడే ఉంది.

వెంట్రుక లోపల ఏం జరుగుతుందో చూద్దాం. నల్లదనానికి కారణం మెలనిన్ అనే వర్ణకం. అమ్మోనియా పొలుసులను తెరుస్తుంది, పెరాక్సైడు లోపలికి వెళ్ళి మెలనిన్‌ను విరగ్గొడుతుంది. మన జుట్టులో అది దట్టంగా ఉంటుంది కనుక ఒక్కసారిగా తెలుపు రాదు. ఎరుపు, నారింజ, పసుపు, లేతపసుపు అనే మెట్లన్నీ దాటాలి. మెలనిన్ అంతా పోయినా వెంట్రుకలోని కెరటిన్ ప్రోటీను పసుపుఛాయ మిగులుతుంది. దానిపై ఊదారంగు పూత వేస్తేనే కంటికి తెలుపనిపిస్తుంది. ఆ అబ్బాయి ఆగిపోయింది రెండవ మెట్టుమీద. ఇంకా బలంగా లాగితే కెరటిన్‌ను పట్టి ఉంచే గంధక బంధాలు తెగి, వెంట్రుక తడిసినప్పుడు రబ్బరులా సాగి తెగిపోతుంది.

డబ్బాపై 20, 30, 40 'వాల్యూమ్' అని ఉంటే వరుసగా 6, 9, 12 శాతం పెరాక్సైడు అని అర్థం. ఐరోపాలో జుట్టు సరుకులకు 12 శాతమే గరిష్ఠ పరిమితి. పొడిలో ఉండే పర్‌సల్ఫేట్లు చర్మానికి దురద, దద్దుర్లు తెస్తాయి. రోజూ వాటిని పీల్చే సెలూన్ పనివారికి ఉబ్బసం రావడం వైద్యులకు తెలిసిన విషయమే.

కనుక కొన్ని మాటలు మనసులో పెట్టుకోండి. మురికికాలువల పక్కన చల్లే బ్లీచింగ్ పౌడరుకు, జుట్టుకు వాడే పొడికి సంబంధం లేదు. దాన్ని తలకు తాకనివ్వకండి, అమ్మోనియాతో కలపకండి. కలిస్తే విషవాయువులు పుడతాయి. పుండ్లు, గీతలు ఉన్న తలకు, ఉబ్బసం ఉన్నవారికి ఈ పని వద్దు. లోహలవణాలు కలిసిన రంగు వేసుకున్న జుట్టుపై పెరాక్సైడు పడితే విపరీతంగా వేడెక్కవచ్చు. ముందుగా చెవి వెనుక కొద్దిగా రాసి 48 గంటలు చూడండి. డబ్బాపై రాసిన సమయాన్ని మించకండి, ఎండ గాని వేడిగాలి గాని తగలనివ్వకండి. రంగు చాలలేదని అదేరోజు మళ్ళీ పూయకండి. మంట పుడితే "ఇంకో ఐదు నిమిషాలు" అని ఓర్చుకోకుండా వెంటనే చల్లని నీటితో చాలాసేపు కడగండి. కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు కడిగి వైద్యుని వద్దకు వెళ్ళండి. అనుభవజ్ఞుని చేత, రెండు మూడు విడతలుగా, వారాల ఎడంతో చేయించుకోవడమే మేలు.

జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. చెడిన జుట్టు బాగుపడదు గాని, కుదురు బతికి ఉంటే కొత్తది వస్తుంది. కాలినగాయం లోతుగా దిగి కుదురే మాడిపోతే ఆ చోట మళ్ళీ మొలవదు. ఆరునెలలకు ఆ అబ్బాయి తల మళ్ళీ నల్లబడింది. నడినెత్తిన రూపాయి బిళ్ళంత చోటు మాత్రం నున్నగా మిగిలిపోయింది. ఇప్పుడతడు జుట్టును పక్కకు దువ్వి దాన్ని కప్పుకుంటున్నాడు.