పంతులమ్మకే ఇష్టం ఎక్కువా?

బి.ఎడ్. చదివే అబ్బాయిల కంటే అమ్మాయిలకే ఉపాధ్యాయ వృత్తిపై మక్కువ ఎక్కువని మన దేశంలో చాలా పరిశోధనలు తేల్చాయి. తేడా లేదన్నవీ ఉన్నాయి. ఆ లెక్కల జోలికి పోయే ముందు, శిక్షణ కళాశాల గడప ఎవరు ఎందుకు తొక్కారో చూడాలి.

మద్రాసులో ప్రభుత్వ నార్మల్ స్కూలు 1856లో మొదలైంది. పిల్లలు పరీక్షలో నెగ్గితేనే బడికి గ్రాంటు దక్కే రోజులు ఆ తర్వాత వచ్చాయి. వీధిబడి పంతులు పిల్లలు తెచ్చి ఇచ్చిన దానితోనే సంసారం ఈదేవాడు. 'బతకలేక బడిపంతులు' అన్న మాట మన నోళ్లలో ఊరికే నిలవలేదు. ఇంకో కొలువు దొరికిన మగవాడు అటే వెళ్లేవాడు.

ఆడవాళ్ల కథ దీనికి పూర్తిగా వేరు. విద్యపై 1882లో ఏర్పడిన హంటర్ కమిషన్, బడిపంతుళ్ల భార్యలనూ వితంతువులనూ ఉపాధ్యాయినులుగా తయారు చేయమంది. చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకున్న సుబ్బలక్ష్మి 1911లో మద్రాసులో పట్టభద్రురాలైంది. తనలాంటి బాలవితంతువులను చేరదీసి, సముద్రపు ఒడ్డున ఐస్‌హౌస్ అనే భవనంలో ఉంచి చదివించింది. ఆ పిల్లలకు శిక్షణ సర్టిఫికెట్టు అంటే మూల గది నుంచి బయటికి రావడం, తమ కూడు తాము సంపాదించుకోవడం. మగవాడు గతిలేక పట్టిన పని వాళ్లకు బతుకునిచ్చింది. తర్వాత దుర్గాబాయి దేశ్‌ముఖ్ పెద్ద అడుగు వేసింది. చదువు మధ్యలో ఆగిన స్త్రీలు తక్కువ కాలంలో పరీక్ష గట్టెక్కేలా సంక్షిప్త కోర్సులు 1958లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ద్వారా మొదలయ్యాయి. వాటిలో చదివి టీచర్లయిన వాళ్లెందరో.

వృత్తిపై ఇష్టాన్ని కొలిచే పద్ధతి ఆలస్యంగా వచ్చింది. 1932లో లైకర్ట్ అనే అమెరికన్ ఒక కొలమానం ఇచ్చాడు. ఒక వాక్యం, దాని పక్కన అయిదు గళ్లు: 'పూర్తిగా అంగీకరిస్తాను' నుంచి 'అసలు అంగీకరించను' దాకా. ఛాత్రోపాధ్యాయుడు ఒక గడిలో టిక్కు పెడితే అయిదు నుంచి ఒకటి దాకా మార్కు పడుతుంది. మన దేశంలో అహ్లూవాలియా తయారు చేసిన జాబితాలో ఇలాంటి వాక్యాలు తొంభై. మార్కులు కూడి, అబ్బాయిల సగటు ఇటు, అమ్మాయిల సగటు అటు పెట్టి, ఆ తేడా లెక్కించదగ్గదేనా అని తేల్చే టి-పరీక్ష చేస్తే ఎం.ఎడ్. సిద్ధాంత వ్యాసంలో ఒక అధ్యాయం పూర్తవుతుంది. ఎంత మక్కువో తెలుస్తుంది కానీ, అది ఎందుకు కలిగిందో ఆ గళ్లు చెప్పవు. అమెరికాలో డాన్ లోర్టీ 1975లో ఈ లోతుకు వెళ్లాడు. మగవాళ్లలో చాలామంది బోధనను పై పదవికి మెట్టుగా చూస్తారనీ, ఆడవాళ్లకు అది ఇంటిపనితో పొసగే ఉద్యోగమనీ అతను చూపాడు.

ఈలోగా బడుల రూపమే మారింది. 1950-51లో మన ప్రాథమిక ఉపాధ్యాయుల్లో స్త్రీలు నూటికి పదిహేను మంది. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉద్యోగాల్లో స్త్రీలకు 30 శాతం కేటాయించింది. 1995లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. 2019-20 నాటికి దేశం మొత్తం మీద మహిళా టీచర్లు 49.2 లక్షలు, పురుషులు 47.7 లక్షలు.

అయినా పెళ్లిచూపుల్లో 'ఆడపిల్లకు టీచరుద్యోగమైతే ఇల్లూ చూసుకోవచ్చు' అనే మాట పోలేదు. టీచరు కొలువుల నియామక పరీక్ష డి.ఎస్.సి. కోసం ఏళ్లు ఎదురుచూసే కుర్రాడిని 'ఇంకా సెటిల్ కాలేదా?' అని అడగడమూ మానలేదు. ఇద్దరూ ఒకే గడిలో టిక్కు పెట్టినా కారణాలు వేరు. అమ్మాయిల సగటు ఎక్కువ వచ్చిందని వాళ్ల స్వభావమే అంత అనడం తప్పు.

ఎం.ఎడ్. విద్యార్థులకు నా విన్నపం: మీ ప్రశ్నావళి చివర ఇంకో రెండు ప్రశ్నలు చేర్చండి. ఈ కోర్సులో చేరమని మొదట అన్నది ఎవరు? వేరే చదువుకు ఇంట్లో డబ్బు, అనుమతి ఉంటే ఇటు వచ్చేవారా?