యూకేలో థైరాయిడ్ రక్తపరీక్షలు: జీపీని ఏమని అడగాలి?

హైదరాబాద్‌లో ఉన్నప్పుడు థైరాయిడ్ అనుమానం వస్తే పొద్దున్నే పరగడుపున డయాగ్నస్టిక్ సెంటర్‌కి వెళ్ళేదాన్ని. "థైరాయిడ్ ప్రొఫైల్" అంటే చాలు, సాయంత్రానికి టీ3, టీ4, టీఎస్‌హెచ్ మూడూ ఉన్న రిపోర్టు చేతికి వచ్చేది. ఇంగ్లండ్‌కి వచ్చాక అదే పనికి నాకు ఐదు నెలలు పట్టింది.

అప్పుడు మేం రెండో బిడ్డ గురించి ఆలోచిస్తున్నాం. జుట్టు గుప్పెళ్ళుగా ఊడుతోంది. ఎంత పడుకున్నా నీరసం, ఎండ కాసినా చలి. జీపీ రక్తపరీక్ష రాశారు. మూడో రోజు ఎన్‌హెచ్ఎస్ యాప్‌లో టీఎస్‌హెచ్ ఒక్కటే కనిపించింది: 6.3. ఆ ల్యాబ్ పై హద్దు 4.2. పక్కన "బోర్డర్‌లైన్, ఏమీ చేయనవసరం లేదు" అని ఉంది. ఫోన్ చేసి "ఫుల్ థైరాయిడ్ టెస్ట్ కావాలి" అన్నాను. అలాంటివి మేం చేయం అన్నారు రిసెప్షన్‌లో.

తప్పు కొంత నాది కూడా అని తర్వాత తెలిసింది. ఇక్కడ "ఫుల్" అని అడిగితే పని జరగదు. ఏ పరీక్ష కావాలో, అది నాకు ఎందుకు అవసరమో విడివిడిగా చెప్పాలి. నేను డాక్టర్ని కాదు. నేర్చుకున్నది మన వాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

ఇక్కడి పద్ధతి

ఇంగ్లండ్‌లో జీపీలు అనుసరించేది నైస్ సంస్థ 2019 నవంబరులో ఇచ్చిన ఎన్‌జీ145 మార్గదర్శకం. దాని ప్రకారం పరీక్షలు మెట్లుమెట్లుగా జరుగుతాయి. పెద్దవాళ్ళకి ముందు టీఎస్‌హెచ్ ఒక్కటే. అది హద్దు దాటితే అదే రక్తంలో ఫ్రీ టీ4 చూడాలి. హద్దు కన్నా తగ్గితే ఫ్రీ టీ4, ఫ్రీ టీ3 రెండూ చూడాలి. టీఎస్‌హెచ్ నార్మల్‌గా ఉంటే సాధారణంగా అక్కడితో ఆగిపోతుంది.

అంటే నా 6.3కి ఫ్రీ టీ4 నేను బతిమాలి అడగాల్సిన పరీక్ష కాదు. వాళ్ళ మార్గదర్శకంలోనే ఉంది. ఆ ముక్క తెలియక రెండు నెలలు ఊరుకున్నాను.

ఏది, ఎప్పుడు అడగవచ్చు

ఫ్రీ టీ4: టీఎస్‌హెచ్ ఎక్కువైనా తక్కువైనా అడగండి. పిల్లలకైతే మొదటే రెండూ కలిపి చేయాలని మార్గదర్శకం చెబుతోంది. పిట్యూటరీ గ్రంథి సమస్య అనుమానం ఉన్న పెద్దలకీ అంతే, ఎందుకంటే వాళ్ళలో టీఎస్‌హెచ్ నార్మల్‌గా కనిపిస్తూనే హార్మోను తక్కువగా ఉండవచ్చు. కాన్పులో విపరీతంగా రక్తం పోయి, తర్వాత పాలు పడక, నెలసరి తిరిగి రాకపోతే ఆ సంగతి జీపీకి తప్పకుండా చెప్పండి. మాత్ర వేసుకుంటున్నా లక్షణాలు తగ్గనివాళ్ళు కూడా ఫ్రీ టీ4 అడగవచ్చు.

టీపీఓ యాంటీబాడీలు: టీఎస్‌హెచ్ హద్దు దాటినవాళ్ళకి ఇది చేసే విషయం ఆలోచించమని నైస్ అంటోంది. శరీరమే థైరాయిడ్ మీద దాడి చేస్తోందా అన్నది దీనితో తెలుస్తుంది. ఒక్కసారి చేస్తే చాలు, మళ్ళీ మళ్ళీ అవసరం లేదు.

ఫ్రీ టీ3: ముఖ్యంగా టీఎస్‌హెచ్ తగ్గినప్పుడే ఉపయోగం. థైరాయిడ్ తక్కువ పనిచేసే సమస్యలో దీనివల్ల పెద్దగా తెలిసేది లేదు. జీపీ రాసినా కొన్ని ల్యాబులు చేయవు. దీని కోసం గొడవ పడకండి.

వీటితోపాటు ఫెర్రిటిన్, బీ12, విటమిన్ డీ కూడా అడగండి. నీరసం, జుట్టు ఊడటం వీటి లోపం వల్ల కూడా వస్తాయి. శాకాహారుల ఇళ్ళలో బీ12 మరీ ముఖ్యం.

ఎలా అడగాలి

ఫోన్ కన్నా సర్జరీ ఆన్‌లైన్ ఫారం మేలు, రాతపూర్వకంగా ఉంటుంది. నేను రాసినవి ఇవే: లక్షణాలు ఎప్పటి నుంచి, టీఎస్‌హెచ్ అంకె, తేదీ, అమ్మకీ పెద్దమ్మకీ థైరాయిడ్ ఉందని, గర్భం కోసం ప్రయత్నిస్తున్నామని, ఎన్‌జీ145 ప్రకారం ఫ్రీ టీ4, టీపీఓ చేస్తారా, చేయకపోతే కారణం నా రికార్డులో రాస్తారా అని. వారంలో రక్తపరీక్షకి పిలుపు వచ్చింది.

ఫ్రీ టీ4 హద్దులోనే ఉంది, టీపీఓ మాత్రం బాగా ఎక్కువ. మూడు నెలల తర్వాత టీఎస్‌హెచ్ 6.8. హద్దు దాటి 10 లోపు ఉన్న టీఎస్‌హెచ్ మూడు నెలల తేడాతో రెండుసార్లు వచ్చి, లక్షణాలు ఉంటే, 65 ఏళ్ళ లోపువాళ్ళకి ఆరు నెలలు లెవోథైరాక్సిన్ ఇచ్చి చూడవచ్చు. నాకు అలాగే మొదలుపెట్టారు. 10, అంతకు మించి రెండుసార్లు వస్తే లక్షణాలతో సంబంధం లేకుండా మాత్ర గురించి ఆలోచించాలి.

రక్తం ఇచ్చే ముందు

జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే కనీసం రెండు రోజుల ముందు ఆపి, నర్సుకి చెప్పండి. కొన్ని యంత్రాల్లో వాటివల్ల టీఎస్‌హెచ్ తక్కువగా, ఫ్రీ టీ4 ఎక్కువగా తప్పుగా చూపిస్తుంది. ప్రతిసారీ దాదాపు ఒకే సమయానికి వెళ్ళండి, టీఎస్‌హెచ్ రోజులో మారుతుంది. మాత్ర వేసుకునేవాళ్ళు ఆ రోజు రక్తం ఇచ్చాక వేసుకోవచ్చా అని ముందే అడగండి. మామూలు రోజుల్లో పరగడుపున నీళ్ళతో వేసుకుని, ఫిల్టర్ కాఫీకి కనీసం అరగంట ఆగండి. ఐరన్, కాల్షియం మాత్రలకి నాలుగు గంటల ఎడం ఉండాలి.

ఇండియా రిపోర్టు ఉంటే

సెలవులకి వెళ్ళినప్పుడు చేయించిన రిపోర్టు జీపీకి పంపండి. చికిత్సకి ముందు ఇక్కడ మళ్ళీ చేయిస్తారు, కానీ అడగడానికి అది ఆధారం. టీఎస్‌హెచ్ యూనిట్ పేరు వేరుగా ఉన్నా అంకె అదే. ఫ్రీ టీ4 మాత్రం అక్కడ నానోగ్రాముల్లో, ఇక్కడ పికోమోల్స్‌లో ఇస్తారు. అక్కడి అంకెని సుమారు 12.9తో హెచ్చించండి: 1.1 అంటే ఇక్కడ 14. ఇండియా ప్యాకేజీల్లో చాలావాటిలో ఉండేది మొత్తం టీ4, అది ఫ్రీ టీ4 కాదు. గర్భంలోనూ ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలతోనూ అది పెరుగుతుంది, కాబట్టి రెండిటినీ పోల్చకండి.

కాదంటే

అదే సర్జరీలో ఇంకో జీపీని అడగండి. లక్షణాలు పెరిగితే చివరి పరీక్షకి ఆరు వారాలు దాటాక మళ్ళీ చేయమనవచ్చు. అదీ కుదరకపోతే ప్రాక్టీస్ మేనేజర్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. ప్రైవేటుగా చేయించుకున్నా ఆ రిపోర్టు జీపీకి ఇవ్వండి, దాన్ని చూసి సొంతంగా మాత్రలు మొదలుపెట్టకండి.

ఒక్క విషయంలో మాత్రం ఎదురు చూడవద్దు. థైరాయిడ్ మాత్ర వేసుకుంటూ గర్భం వచ్చిందని తెలిస్తే ఆ రోజే జీపీకి ఫోన్ చేయండి. మొదటి వారాల్లో బిడ్డకి అందేది తల్లి హార్మోనే. డోసు పెంచాల్సి రావచ్చు.

మాత్ర రోజూ వేసుకోవాల్సివస్తే ఇంగ్లండ్‌లో ఎఫ్‌పీ92ఏ ఫారం నింపండి. ఆ సర్టిఫికెట్ మామూలుగా ఐదేళ్ళు చెల్లుతుంది, ఈ మాత్రకే కాదు, మీ ఎన్‌హెచ్ఎస్ ప్రిస్క్రిప్షన్లన్నిటికీ డబ్బు కట్టనక్కర్లేదు. మా సర్జరీలో ఎవరూ చెప్పలేదు, ఏడాది పాటు కడుతూ వచ్చాను.