రొట్టె, పొయ్యి, అడవి

దేశదేశాల రొట్టెలను గురించి రాసేవారికి ఒక అలవాటు వుంది. ఫ్రాన్సులో గోధుమరొట్టె, రష్యాలో నల్లని రై రొట్టె, మెక్సికోలో మొక్కజొన్న తోర్తియా, ఇథియోపియాలో టెఫ్ గింజల ఇంజెరా, మన విజయనగరంలో మినపరొట్టె అని వరసపెట్టి, ఒక్కొక్క జాతి ప్రతిభ ఒక్కొక్క రొట్టెలో వికసించిందని ముగిస్తారు. ఆ వరసలో పిండి కనిపిస్తుంది, రుచి కనిపిస్తుంది. పొయ్యి మాత్రం కనిపించదు. పొయ్యిలో పెట్టిన కట్టె ఎవరి అడవిలోది, దానికి ఎవరు ఎవరికి సుంకం కట్టారు అన్న ప్రశ్న అసలే రాదు. ఆ ప్రశ్న వేయకుండా రొట్టె చరిత్ర రాయడం సాధ్యం కాదని నా మనవి.

నిప్పు ఖరీదైన వస్తువు. ఆల్ప్స్ కొండల్లోని కొన్ని ఫ్రెంచి పల్లెల్లో వంటచెరకు కరువై, ఏడాదికి ఒకటి రెండుసార్లే రొట్టె కాల్చుకొనేవారు. రాయిలా ఎండిన ఆ రొట్టెను గొడ్డలితో కొట్టి, నానబెట్టుకొని, నెలల తరబడి తినేవారు. ఇథియోపియా పల్లెల్లో ఇంజెరా కాల్చే పెద్ద మట్టిపెనం ఇంటి వంటచెరకులో చాలా భాగాన్ని మింగేస్తుంది. ఆ కట్టెలు మోసేవి ఎక్కువగా ఆడవాళ్ల వీపులే. పంజాబు పల్లెల్లో ఇరుగుపొరుగు ఒకే తందూరు దగ్గర చేరి రొట్టెలు కాల్చుకున్నారంటే, ఆ కలివిడిలో కట్టె పొదుపు కూడా వుంది.

ఖరీదైన వస్తువు మీద పెత్తందారు కన్ను పడకుండా వుంటుందా? మధ్యయుగాల ఫ్రాన్సులో అనేక చోట్ల రైతు తన గింజల్ని ప్రభువు మరలోనే ఆడించాలి, తన పిండిని ప్రభువు పొయ్యిలోనే కాల్చాలి, ప్రతిసారీ సుంకం చెల్లించాలి. 1789 అక్టోబరు 5న పారిస్ స్త్రీలు రొట్టె కోసం వెర్సెయ్‌కు నడిచిన సంగతి అందరూ చెబుతారు. ఆ ఏడాదే ఆగస్టు 4 రాత్రి మొదలైన ఫ్యూడల్ హక్కుల రద్దు 1793 జూలైలో, ప్రభువులకు పరిహారం లేకుండా, పూర్తయింది. దానితో ప్రభువు పొయ్యి పెత్తనం కూడా పోయింది. ఈ సంగతి చెప్పేవారు తక్కువ.

అడవిలో రాలిన పుల్లలు ఏరుకోవడం కూడా దొంగతనమేనని జర్మనీలో రైన్ రాష్ట్రసభ తేల్చబోయింది. ఆ చర్చల్ని 1842లో ఇరవైనాలుగేళ్ల మార్క్స్ పత్రికాముఖంగా తూర్పారబట్టాడు. తనను ఆర్థిక ప్రశ్నల వైపు మొదట నెట్టిన వాటిలో అది ఒకటని 1859లో ఆయనే రాశాడు. ఒక మహా సిద్ధాంతానికి దారి చూపిన వాటిలో ఎండుపుల్లలు కూడా వున్నాయన్నమాట!

ఇక మన సీమకు వద్దాం. ఉత్తరాంధ్ర మెట్టల్లో, పోడు కొండల్లో తరతరాలుగా పండినవి చోడి, గంటి, సామ, కొర్ర. పల్లంలో వరి పండించినవాడు కంబారి, తిన్నవాడు కామందు. కంబారి కుండలో వున్నది చోడి అంబలి. రొట్టె కాక అంబలే ఎందుకయింది? గోధుమలో వున్న సాగుడు జిగట చోడిలో లేదు, అందుచేత పొంగదు అంటారు. నిజమే. కాని పొంగనంత మాత్రాన రొట్టె కాకపోదు. అదే గింజతో కన్నడ రైతు రొట్టె తట్టుకుంటున్నాడు. మన ఇళ్లకూ చోడిరొట్టె కొత్తది కాదు. అంబలి ఎండకు చలువ అంటారు. అదీ నిజమే. అయినా పొయ్యి లెక్క కూడా చూడాలి. రొట్టెలు ఒక్కొక్కటే కాల్చాలి. అంతసేపూ పెనం కింద మంట వుండాలి, పక్కన ఒక మనిషి కూర్చోవాలి. అంబలికి ఒక కుండ, ఒక మంట చాలు. కొద్దిపాటి పిండిని నీళ్లతో ఇంటిల్లిపాదికీ సరిపెట్టవచ్చు. రాత్రి కాచినది మర్నాడు మళ్లీ పొయ్యి వెలిగించకుండానే చద్దిగా చేనుకు పోతుంది. కట్టె కరువైన ఇంటికి, తెల్లవారకముందే ఊడుపులకు పోవలసిన ఆడమనిషికి ఇంతకంటె తెలివైన వంట లేదు.

దీని పక్కన మినపరొట్టెను పెట్టి చూడండి. మినప్పప్పు రుబ్బి, బియ్యపురవ్వ కలిపి, దళసరి మూకుట్లో నూనె వేసి, మూతమీద కూడా నిప్పులు పోసి, సన్నసెగను నిదానంగా కాల్చాలి. పప్పు, బియ్యం, నూనె, నిప్పులు, తీరిక - ఈ అయిదూ వున్న ఇంటి వంట అది. దాని రుచిని నేను కాదనను. దాన్ని విజయనగరం వంట అన్నప్పుడు, విజయనగరంలో ఎవరి వంట అని అడగమంటున్నాను.

1802 నాటి శాశ్వత పరిష్కారం ఈ సీమను జమీందార్ల చేతుల్లో స్థిరపరచింది. 1882 మద్రాసు అటవీ చట్టం సర్కారు అడవులకు కంచె వేస్తే, జమీందారీ అడవుల్లో జమీందార్లే సర్కారు. 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ మహాసభ జరిగింది. దగ్గరలోనే వున్న మందస జమీందారీ రైతులు అడవి తమదని కలప, వంటచెరకు కొట్టుకు తెచ్చుకున్నారు. వెనువెంటనే పోలీసులు వచ్చారు. ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో జరిగిన కాల్పుల్లో సాసుమాను గున్నమ్మ, మరికొందరు రైతులు ప్రాణాలర్పించారు. వీరగున్నమ్మను మనం రైతుపోరాట చరిత్రలో చదువుకుంటాం. రొట్టె చరిత్రలో కూడా చదువుకోవాలి.

1948 చట్టంతో జమీందారీలు పోయాయి. అడవి ప్రభుత్వం చేతికి వచ్చింది గాని, ఏరుకునే చేతికి హక్కు రాలేదు. 1967లో లేవిడి దగ్గర కోరన్న, మంగన్న నేలకొరిగిన నాటి గిరిజనోద్యమంలో కూలితో, భూమితో పాటు అడవి కూడా వుంది. అటవీ హక్కుల చట్టం రావడానికి 2006 దాకా పట్టింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం కూలివాడి కంచంలోకి వరి అన్నం తెచ్చింది. ఆ మేలును తక్కువ చేసి, అంబలి రోజులే మంచివని నిట్టూర్చడం కడుపు నిండినవారి వేడుక. 1999లో దీపం పథకంతో గ్యాసు పొయ్యి పేదింటికి వచ్చింది. ఏడాదికి మూడు ఉచిత సిలిండర్ల పథకం 2024 నవంబరు 1న శ్రీకాకుళం జిల్లా ఈదుపురంలోనే ఆరంభమయింది. నాలుగో సిలిండరు దగ్గర పాత ప్రశ్న మళ్లీ లేస్తుంది: నిప్పు ఎవరిది?

2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. నిన్నటిదాకా కూటికి లేనివాడి తిండి అని మొహం తిప్పుకున్నవారే నేడు చోడిరొట్టెను ఆరోగ్యమంటూ కొంటున్నారు. కొననివ్వండి. కాని ఆ చోడి పండించే కొండరైతుకు గిట్టుబాటు ధర, పోడుభూమికి పట్టా, ఏరుకున్న కట్టెకు హక్కు వచ్చాయా అని అడిగే బాధ్యత మనది.

విద్యార్థి మిత్రులు సెలవులకు ఊరు వెళ్లినప్పుడు ఇంటి ముసలమ్మను వంట ఎలా చేసేవారో అడుగుతారు. దానితోపాటు, కట్టెలు ఎక్కడినుంచి తెచ్చేవారో, దారిలో ఎవరు అడ్డగించేవారో కూడా అడగండి. మన రొట్టె చరిత్రలో రాయవలసిన అధ్యాయం ఆమె దగ్గర వుంది.