ఆంగ్లంలో అశక్యార్థక కర్మణి ప్రయోగం: చారిత్రక పరిణామం

వ్యాససంగ్రహం: ఒక పని జరగడానికి వీలులేదని చెప్పవలసి వచ్చినప్పుడు ఆంగ్లభాషీయులు తరచు కర్తను విడిచి కర్మను ముందుకు తెస్తారు. ఈ పద్ధతి ఆ భాషలో ఎలా ఏర్పడింది, అశక్తత మనిషి నుండి వస్తువుకు ఎలా బదిలీ అయింది, తెలుగులోకి తెచ్చేటప్పుడు ఆ అర్థం ఎక్కడ జారిపోతున్నది అన్న అంశాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కర్మణి ప్రయోగం, అశక్యార్థం, సహాయక క్రియ, కృత్యప్రత్యయాలు, అనువాదం.

ప్రస్తావన

"ఐ కెనాట్ రీడ్ దిస్ లెటర్" అన్నప్పుడు లోపం చదివేవారిది. "దిస్ లెటర్ కెనాట్ బి రెడ్" అన్నప్పుడు లోపం ఉత్తరానిది. పాఠశాల వ్యాకరణాలు ఇటువంటి వాక్యాలను కర్తరి, కర్మణి జంటలుగా చూపి ఒకదానిని మరొకదానిగా మార్చమని అభ్యాసం ఇస్తాయి. కాని ఈ రెండింటి అర్థం ఒకటి కాదు. ఒకరు చదవలేని ఉత్తరాన్ని మరొకరు చదవవచ్చు. రెండవ వాక్యం ఆ అవకాశాన్నే మూసివేస్తుంది. కర్త లోపించగానే ఒక వ్యక్తి అశక్తత సర్వుల అశక్తతగా, వస్తువు స్వభావంగా మారుతుంది. ఆంగ్లానికి ఈ నిర్మాణం పుట్టుకతో సిద్ధంగా వచ్చినది కాదు.

తెలియడం నుండి వీలుకావడం వరకు

ప్రాచీనాంగ్లంలో కర్మణి ప్రయోగానికి రెండు సహాయక క్రియలుండేవి. ఒకటి 'ఉండు' అనే అర్థం గల బేఓన్, రెండవది 'అగు' అనే అర్థం గల వెయోర్దన్. సంస్కృత 'వృత్' ధాతువుకు జ్ఞాతి అయిన ఈ రెండవ క్రియ జర్మన్‌లో నేటికీ కర్మణికి ఆధారంగా నిలిచి ఉండగా, ఆంగ్లంలో మధ్యయుగం ముగిసేసరికి అంతరించింది.

శక్యార్థాన్ని చెప్పే క్రియల చరిత్ర ఇంతకన్నా ఆసక్తికరం. నేటి 'కెన్' మూలరూపమైన కున్నన్‌కు అర్థం 'తెలియు'. ఇది సంస్కృత 'జ్ఞా' ధాతువుకు బంధువు. నేటి 'మే' మూలరూపమైన మగన్‌కు అర్థం 'బలము కలిగి ఉండు'. తెలుగు వ్యాకరణంతో పరిచయం ఉన్నవారికి ఇది కొత్తగా తోచదు. 'నేర్చు' నుండి 'చేయనేరడు', 'చాలు' నుండి 'చేయజాలడు' ఏర్పడిన తీరు సరిగ్గా ఇదే. ఒకచోట తెలివి, మరొకచోట సామర్థ్యం శక్యార్థానికి ముడిసరుకు అయ్యాయి. సంబంధం లేని రెండు భాషాకుటుంబాలు ఒకే దారిలో నడిచాయి.

అయితే తెలిసి ఉండడానికి మనసు కావాలి. ఉత్తరానికి, కోటకు, నదికి ఏమీ తెలియదు. కనుక ప్రాచీనాంగ్లంలో అచేతన పదార్థం కర్తృస్థానంలో ఉన్న కర్మణి వాక్యాలలో శక్యార్థాన్ని ప్రధానంగా మగన్ మోసింది. 'కెన్' ఆ పనికి రావాలంటే ముందు దాని 'తెలియు' అర్థం అరిగిపోవాలి. మానసిక సామర్థ్యం, ఆపై సామాన్య సామర్థ్యం, ఆపై కేవల సాధ్యత అనే క్రమంలో ఈ అరుగుదల జరిగిందని జోన్ బైబీ వంటి భాషాశాస్త్రవేత్తలు వివరించారు. అచేతన కర్మ ముందు నిలిచి 'కెనాట్ బి' అని సాగే వాక్యం మాన్యమైందంటే ఈ క్రమం చివరి మెట్టుకు చేరిందని అర్థం. 1611 నాటి బైబిలు అనువాదంలో నక్షత్రాలు, ఇసుక రేణువులు లెక్కకు అందవని చెప్పేచోట ఇదే నిర్మాణం కనిపిస్తుంది.

ఇదే కాలవ్యవధిలో మరొక నష్టం జరిగింది. 'ఎవరైనా ఒకరు' అనే సామాన్యార్థంలో వాడుకలో ఉన్న 'మన్' అనే సర్వనామం మధ్యాంగ్ల దశ చివరికి కనుమరుగైంది. కర్మణి వాడుక పెరగడానికి ఈ ఖాళీ కూడా ఒక కారణమని కొందరు పరిశోధకుల అభిప్రాయం. తెలుగులో ఈ ఇబ్బంది లేదు. "ఈ ఎండలో నడవలేం" అన్నప్పుడు ఆ 'మనం' ఎవరో ఎవరూ అడగరు.

టు-లెట్ పలక చెప్పే చరిత్ర

తెలుగు పట్టణాలలో వీధివీధినా వేలాడే 'టు-లెట్' పలకలో ఒక పాత నిర్మాణపు అవశేషం ఉంది. ఇల్లు అద్దెకు ఇవ్వబడేదే కాని ఇచ్చేది కాదు. అయినా క్రియారూపం కర్తరిలోనే ఉంది. ప్రాచీనాంగ్లంలో 'ఉండు' క్రియ తరువాత వచ్చే తుమర్థక రూపం కర్తరి ఆకారంలోనే కర్మణి అర్థాన్ని ఇచ్చేది. చేయదగినది, చేయవలసినది, చేయ వీలైనది అనే మూడు ఛాయలూ దానిలో ఇమిడి ఉండేవి. మధ్యాంగ్లంలో దాని స్థానాన్ని క్రమంగా 'టు బి డన్' వంటి స్పష్టమైన కర్మణి రూపం ఆక్రమించింది. ఓల్గా ఫిషర్ 1991లో ఈ పరిణామంపై ప్రత్యేక అధ్యయనం ప్రచురించారు.

రూపం మారినా సందిగ్ధత మిగిలింది. 'నాట్ టు బి టచ్డ్' అంటే నిషేధం, 'నోవేర్ టు బి సీన్' అంటే అశక్యం. ఈ రెండింటినీ వేరుచేసేది వ్యాకరణం కాదు, సందర్భం. తెలుగు 'రాని' ఇటువంటిదే. చెప్పరాని బాధ మాటలకు అందనిది. చెప్పరాని మాట నోట పలకకూడనిది.

'ఏబుల్' ప్రత్యయం

ఫ్రెంచి ద్వారా లాటిన్ నుండి వచ్చిన 'ఏబుల్' ప్రత్యయం ఒక వాక్యం చేసే పనిని ఒక్క మాటకు కుదించింది. ప్రత్యయం పరాయిదే అయినా దేశీయమైన 'అన్' దాని మాటలకు ముందు చేరి, చదవ వీలుకానిది 'అన్‌రీడబుల్' అయింది. సకర్మక ధాతువుకు చేరి కర్మకు విశేషణం కావడం దీని సాధారణ లక్షణం. అందుకే 19వ శతాబ్దంలో 'రిలయబుల్' అనే మాటపై పెద్ద వివాదం చెలరేగింది. 'రిలై' తరువాత 'ఆన్' అనే విభక్త్యర్థకం తప్పనిసరి కనుక ఆ మాట అపశబ్దమని శుద్ధివాదులు పట్టుబట్టారు. దానిని సమర్థిస్తూ 1877లో గ్రంథమే రాసినవాడు ఫిట్జెడ్వర్డ్ హాల్. ఈ అమెరికన్ పండితుడు అంతకుముందు కాశీ సంస్కృత కళాశాలలో ఆచార్యుడు.

పాణిని వ్యాకరణంలో తవ్య, అనీయర్ మొదలైన కృత్యప్రత్యయాలు భావకర్మార్థాలలోనే విధించబడ్డాయి, శక్యార్థమూ వాటికి చెప్పబడింది. అజేయం, అలంఘ్యం, అనిర్వచనీయం వంటి తత్సమాలు తెలుగుకు ఈ దారిలోనే అందాయి. 'అన్‌ఏబుల్' జంటకు ఇంత దగ్గరి తూకం మరొకటి లేదు. దేశి పదాలు మాత్రం వేరే దారి పట్టాయి. ఎన్నికల వేలిపై పెట్టేది 'చెరగని సిరా'. అది అకర్మక వ్యతిరేక రూపం, అక్కడ కర్మణి అవసరమే రాలేదు.

అశక్యానికీ, నిషేధానికీ మధ్య గీత చెరిగిపోయే స్థలం కూడా ఈ ప్రత్యయమే. 1776 నాటి అమెరికా స్వాతంత్ర్య ప్రకటన కొన్ని హక్కులను 'అన్‌ఎలియనబుల్' అన్నది. ఆ నాటికి అక్కడ బానిసత్వం చట్టబద్ధం. కనుక హక్కులు పోవడం అసాధ్యమని కాదు, పోగొట్టరాదని మాత్రమే ఆ మాటకు అర్థం చెప్పుకోవాలి. రాజకీయ భాష ధర్మాన్ని వస్తుస్వభావంగా చూపింది. కార్యాలయ భాష తన ఇష్టాన్నీ అలాగే చూపుతుంది. 'నాన్-రిఫండబుల్' అన్న రుసుము తిరిగి ఇవ్వడం అసాధ్యమేమీ కాదు. ఇచ్చేవారికి ఇష్టం లేదు, అంతే.

తెలుగులో జారిపోయేది

ద్రావిడ భాషలకు నిజమైన కర్మణి రూపం లేదని 1856లోనే కాల్డ్వెల్ అన్నాడు. 'బడు' సాయంతో ఏర్పడే రూపం శాస్త్ర, పాలనా రచనలలో స్థిరపడినా వాడుకలో అరుదు. అశక్యార్థంతో కలిస్తే అది అసలు నిలవదు. 'చేయబడజాలదు' అని ఎవరూ అనరు. ఫలితంగా 'కెనాట్ బి ఎంటర్‌టెయిన్డ్' అనే కార్యాలయ వాక్యం తెలుగులో 'స్వీకరించబడవు' అవుతుంది. అశక్యత పోయి భవిష్యన్నిషేధం మాత్రం మిగిలింది. 'స్వీకరించలేము' అంటే కర్త బయటపడతాడు, కాని లేని నిస్సహాయతను నటిస్తాడు. 'స్వీకరించరాదు' అంటే అది గుమాస్తాకు ఇచ్చిన ఆజ్ఞ. ఉన్నమాట 'స్వీకరించము'. దానిని ఏ ప్రకటనలోనూ రాయరు.

దరఖాస్తు విషయంలో ఈ తేడా చిన్నది. దర్యాప్తు పత్రాలలో అలా కాదు. 'కుడ్ నాట్ బి ఐడెంటిఫైడ్' అన్న వాక్యంలో ఒక ప్రయత్నమూ దాని వైఫల్యమూ ధ్వనిస్తాయి. దానిని 'గుర్తించబడలేదు' అని తెలుగు చేస్తే ప్రయత్నం మాయమవుతుంది. ప్రయత్నించి విఫలమయ్యారా, అసలు ప్రయత్నించనే లేదా అన్నది ఆ పత్రం నుండి తేలదు. పత్రికలు స్థిరపరచిన 'గుర్తుతెలియని మృతదేహం' అనే పదబంధం అంతకన్నా సహజమైన తెలుగే. అయితే ఎవరికి తెలియదో అదీ చెప్పదు. 'గుర్తించలేకపోయారు' అన్న మాట మాత్రం ఆ 'వారు' ఎవరన్న ప్రశ్నను వెంటనే లేవనెత్తుతుంది. అనువాదకులు దానిని తప్పించుకోవడానికి కారణం వ్యాకరణం మాత్రమే కాకపోవచ్చు.